అరిగిన చోట మొదలుపెట్టేవారు

డ్రాయింగు సార్ పోయారన్న కబురు నేను లైబ్రరీలో ఉండగా వచ్చింది. జగదల్‌పూర్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఫోన్ చేసింది విశాఖపట్నం నుంచి ఆయన కూతురు. పరీక్షల రోజులు కావడంతో హాలు నిండా పిల్లలు చదువుకుంటున్నారు. నేను వరండాలోకి నడిచే లోపే ఆవిడ చెప్పేశారు. మధ్యాహ్నం భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. మళ్ళీ లేవలేదు. "టీ పెట్టి పిలిచానమ్మా. చల్లారేదాకా ఎలాగూ తాగరు కదా అని వదిలేశాను," అన్నారు. నాకు ఏడుపు కంటే ముందు నవ్వు వచ్చింది. అటువైపు ఆవిడ కూడా నవ్వారు. సార్ వేడి టీ తాగడం మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. గీత మధ్యలో ఉండగా చెయ్యి ఆపకూడదన్నది ఆయన నియమం, టీ ఎప్పుడూ గీత మధ్యలోనే వచ్చేది.

ఆయన నాకు బంధువు కాదు. బడిలో పాఠం చెప్పిన గురువూ కాదు. కిరండూల్‌లో మా పక్క క్వార్టరు ఆయనది. మా నాన్న ఇనుప గనిలో మెకానిక్కు, సార్ అదే గనిలో డ్రాఫ్ట్స్‌మన్. విరిగిన పళ్ళచక్రమో పగిలిన గొట్టమో వస్తే దాన్ని కొలిచి, మళ్ళీ తయారు చేయడానికి వీలుగా నక్షా గీసి ఇవ్వడం ఆయన ఉద్యోగం. క్వార్టర్లలో మనుషులను పనిని బట్టే పిలుస్తారు కనుక మా వీధి మొత్తానికి ఆయన డ్రాయింగు సార్. శ్రీకాకుళం వైపు మనిషి. బస్తర్‌లో ఎన్నేళ్ళున్నా ఆ యాస ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు తమ్ముడు పుట్టాడు. అమ్మకు సాయంగా మద్దేడ్ దగ్గరి పల్లె నుంచి అమ్మమ్మ వచ్చింది. వస్తూ తన సొరకాయ గరిటె వెంట తెచ్చుకుంది. ఎండిన సొరకాయను నిలువునా కోసి, గింజలు దులిపి, మెడనే పిడిగా ఉంచుకునే గరిటె అది. స్టీలు గరిటెతో పోస్తే జావకు ఇనుము వాసన పడుతుందని ఆమె నమ్మకం. ఇనుప కొండ కింద కూర్చుని ఆ మాట అంటుంటే నాన్న నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

వరండా గోడ మీంచి సార్ ఆ గరిటెను చూశారు. "అప్పా, అదొక్కసారి ఇస్తారేటి? రేపు ఇచ్చేస్తాను," అన్నారు. అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. రెండు రోజుల తర్వాత గరిటెతోపాటు ఒక తెల్లటి షీటు తెచ్చారు. దాని మీద గరిటె ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి ఉంది. నిజం గరిటె ఎంతో బొమ్మా అంతే. చుట్టూ సన్నటి బాణాలు, అంకెలు. అంత శుభ్రమైన కాగితాన్ని నేను అంతకు ముందు చూడలేదు.

అమ్మమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"బొమ్మ మంచిగున్నది సార్. కాని ఇది నా గరిటె గాదు."

"ఎందుక్కాదు? కొలిచే గీసేను కదా."

"నీ గరిటె పిడి సీదా ఉన్నది. నాది ఎడమకు వంకర. ఆ వంకర ఉంటెనే కుండ మూలకున్న జావ అందుతది. గింత సీదాగ ఏ తీగకు కాస్తది సొరకాయ? మీ దఫ్తర్ల ఏమన్న పందిరి వేసిన్రా?"

సార్ గరిటెనూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన నేర్చిన పద్ధతిలో ముందు కాగితం మీద నిలువుగా ఒక నడిమి గీత పడుతుంది, తర్వాత దానికి అటూ ఇటూ సమానంగా వస్తువు లేస్తుంది. యంత్రాలన్నీ అలాగే ఉంటాయి. సొరకాయ అలా ఉండదు. "నా చెయ్యి నన్నడక్కుండానే దాన్ని సరిచేసిందప్పా," అన్నారు. ఆ షీటును చింపలేదు. మూలన ఎర్ర సిరాతో 'రద్దు' అని రాసి దాచుకున్నారు. మర్నాడు పొద్దున్నే గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, ఆ గరిటెతో తానే జావ పోసుకుని తాగుతానన్నారు. నాలుగు రోజులు అలాగే వచ్చారు. అయిదో రోజు గరిటె అంచును నా వేలికి ఆనించి చూపించారు. ఎడమవైపు అంచు పలచబడి, నున్నగా, అద్దంలా ఉంది.

"చూసేవా పాపా? మీ అమ్మమ్మ కుడి చేత్తో గీకుతాది కాబట్టి ఈ పక్కే అరిగింది. చెయ్యి ఎక్కడ పనిచేసిందో అక్కణ్ణించి గియ్యాల. నడిమి గీత తర్వాత."

ఆ రోజు నుంచి ఏ వస్తువైనా ఆయన అరిగిన చోటే మొదలుపెట్టేవారు. పాత దువ్వెనైతే ఏ పళ్ళు పొట్టిబడ్డాయో చూసేవారు, రోకలైతే పట్టు ఎక్కడ నునుపెక్కిందో చూసేవారు. చిల్లుంటే చిల్లును కొలిచేవారు. అతుకుంటే అతుకు గీసేవారు. విరిగిన అంచును విరిగినట్టే వదిలేవారు. "ఉన్నది ఉన్నట్టు. మనం అలంకరించడానికి పెళ్ళికూతురు కాదు కదా," అనేవారు. వాడకుండా ఏ వస్తువూ గీయలేదు. వెదురుతో, ఆకులతో అల్లిన గొడుగు ఒకటి దొరికింది. నాట్లు వేసేవాళ్ళు వంగి పనిచేస్తున్నా తడవకుండా తల మీంచి నడుము దాకా కప్పే గొడుగు. దాన్ని గీసే ముందు ఆదివారం బజారుకు పెట్టుకు వెళ్ళారు. కిరండూల్ బజారంతా ఆగి చూసింది. కూరగాయలమ్మే ఆవిడ "క్యా సార్, రోపా లగానే జా రహే హో?" అని అడిగింది, నాట్లకు వెళ్తున్నారా అని. ఆయన ఏ మాత్రం సిగ్గుపడలేదు. పక్కన సంచీ పట్టుకుని నడిచిన నాకు మాత్రం భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. ఇంటికొచ్చాక భుజాలు తడిమి చూసుకుని, "ఎడమ భుజం తడిసింది. ఆకు జరిగినట్టుంది. ఎక్కడో చూడాల," అని పెన్సిలు తీశారు.

నాకు ఒక పని ఇచ్చారు. మా కాన్వెంటులో సిస్టర్లు నాలుగు గీతల కాపీ పుస్తకాలు రాయించి రాయించి నా అక్షరాలను గుండ్రంగా చేసి వదిలారు. షీటు కింది మూల గడిలో వస్తువు పేరు రాయడానికి ఆ అక్షరాలు కావాలన్నారు. తెలుగులో, హిందీలో, హల్బీలో, గోండిలో, దోర్లా కోయలు మాట్లాడే దోర్లిలో, ఎన్నింటిలో దొరికితే అన్నింటిలో. పేరు అడిగి తెలుసుకోవడం కూడా నా పనే. ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనక పుస్తకం పట్టుకుని నిలబడే పిల్లను నేను. అడగలేనని చెప్పాను. "ఒక్కటే ప్రశ్న కదా పాపా, 'దీన్నేమంటారు' అని. మిగతాది వాళ్ళే చెబుతారు. ఆపడమే కష్టం," అన్నారు. నిజమే. ముంతను చూపించి అదొక్క మాట అడిగితే, సంతలో ముసలమ్మలు పేరుతో మొదలుపెట్టి, పెళ్ళిలో ఆ ముంత పగిలిన కథ దాకా వెళ్ళేవారు. కొత్తవాళ్ళతో మాట్లాడటం ఈనాటికీ నాకు ఆ ఒక్క ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఉద్యోగం అయిపోయాక ఆయన్ని కూతురు విశాఖపట్నం తీసుకువెళ్ళింది. నెల తిరక్కుండా రైల్లో తిరిగొచ్చి కిరండూల్‌లోనే ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఏమైందని నాన్న అడిగితే, "అక్కడ సముద్రం తప్ప ఏటీ లేదండి. దానికి సైడ్ వ్యూ లేదు," అన్నారు. ఆ తర్వాత ఏటా ఎండాకాలం మాత్రం కూతురి దగ్గర గడిపేవారు.

నవ్వుతూ నవ్విస్తూ ఉండే ఆ మనిషికి ఒక్క బెంగ ఉండేది. గనిలో ఆయన గీసిన ప్రతి నక్షా వర్క్‌షాపుకు వెళ్ళేది, అక్కడ ఇనుమై తిరిగొచ్చేది. సరిగ్గా అమరిందో లేదో ఆ సాయంత్రానికే తెలిసిపోయేది. ఇంటి వస్తువుల షీట్లు ఏ వర్క్‌షాపుకూ వెళ్ళలేదు. గొట్టంలో చుట్టి గది మూల నిలబడ్డాయి. చూసినవాళ్ళు ఎంత బాగున్నాయో అనేవారు. ఆ మాట ఆయనకు నచ్చేది కాదు. "చూసి చెయ్యగలిగితేనే నక్షా పాపా. లేకపోతే కేలండరు బొమ్మ. ఇన్ని గీసేను, వీటిల్లో ఒక్కటైనా నక్షాయో కాదో నాకు తెలీదు," అని ఒకసారి అన్నారు. ఆ ఒక్కసారీ ఆయన నవ్వలేదు.

ఆ పరీక్ష అమ్మమ్మ ఊళ్ళో జరిగింది. అక్కడ నేను తాత అని పిలిచే ఒక ముసలాయన ఉన్నాడు. చుట్టుపక్కల పల్లెలకు చేపల మావులు అల్లిచ్చినవాడు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లే పొడవాటి బుట్ట. పొలం నుంచి పొలానికి నీరు దిగే మడవలో పెడతారు. దాని నోట్లో ఒక గొంతు ఉంటుంది. లోపలికి వాలిన మొనదేలిన పుల్లలు. చేప సులువుగా లోపలికి పోతుంది, బయటికి రాబోతే పుల్లలు గుచ్చుకుంటాయి. తాతకు చూపు పోయింది. వేళ్ళు బిగుసుకుపోయాయి. కొడుక్కు నేర్పబోతే రెండు రోజుల్లో ఇద్దరూ అరుచుకుని మానేశారు. "చేతికి తెలుసు, నోటికి తెల్వదు," అంటాడు తాత. చూరుకు వేలాడుతున్న ఆఖరి మావును చెదలు తింటోంది. ఈ సంగతి అమ్మమ్మ ఫోన్లో చెబితే నేను సార్‌కు చెప్పాను. "ఎప్పుడెళ్దాం?" అన్నారు.

అది పోయినేడు వానలు వెనకపట్టిన రోజులు. గీదంలో ఒకసారి, బీజాపూర్‌లో ఒకసారి బస్సు మారి వెళ్ళాం. సార్ కాగితాలను నీళ్ళ పైపు ముక్కలో చుట్టి, రెండు వైపులా మూతలు బిగించి భుజాన వేసుకున్నారు. మందుపాతరల భయమున్న ఆ దారిలో అలాంటి గొట్టంతో బస్సెక్కకూడదని మా ఇద్దరికీ తోచనే లేదు. పోలీసు నాకాలో జవాను మమ్మల్ని దించి, "ఇస్మే క్యా హై?" అని గట్టిగా అడిగాడు, ఇందులో ఏముందని. సార్ మూత తీసి కాగితాలు ఒక్కొక్కటే పరిచారు. దువ్వెన, రోకలి, గంప. జవాను ముఖం మెల్లగా మారింది. ఆకు గొడుగు దగ్గర ఆగి, తన ఊళ్ళో అమ్మ ఇలాంటిదే పెట్టుకుంటుందని, కాకపోతే అంచు ఇంకా వెడల్పని చెప్పాడు. సార్ వెంటనే పెన్సిలిచ్చి ఎంత వెడల్పో గీయమన్నారు. బస్సులో వాళ్ళు అరుస్తున్నా అతను గీసేదాకా కదల్లేదు.

తాత ఇంట్లో మావును గీయడానికి మూడు రోజులు పట్టింది. చెదలు తిన్నది కనుక ఈ ఒక్కదాన్నీ వాడి చూడలేకపోయారు. తాత కోడలు, నాకు వరసకు అత్త, పని చేసుకుంటూ వచ్చి వచ్చి చూసేది. చివరికి అడిగింది.

"గీ లెక్కలేంది సార్?"

"మిల్లీమీటర్లమ్మా. ఇవుంటే తప్పు పోదు."

"మాకు పోతది. మా ఇంట్ల గవి లేవు కదా."

మంచం మీద పడుకున్న తాత లేచి కూర్చున్నాడు. "నా చెయ్యి యాడున్నది ఇండ్ల?" అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. "నోరు జానెడు. పొడుగు రెండు మూరలు. పుల్లకు పుల్లకు నడుమ చిటికెన వేలు. ఎవని జాన? నా జాన. చెయ్యి లేకుంట మావు ఎట్లయితది?"

సార్ కొత్త షీటు పరిచి, తాత చేతిని దాని మీద ఆనించి, వేళ్ళ చుట్టూ పెన్సిలు తిప్పారు. నక్షాల్లో కొలమానం రాసే మూల ఒకటుంటుంది. అక్కడ ఆ చెయ్యి పడింది. మిల్లీమీటర్లన్నీ పోయాయి. జాన, బెత్తె, వేలు వచ్చాయి. చిటికెన వేలంత సందు ఎందుకని సార్ అడిగితే తాత, "పిల్లలను పోనియ్యాలె. పిల్లలను గూడ తింటె వచ్చే ఏడు ఏం తింటవ్?" అన్నాడు. ఆ మాటను కూడా నాతో షీటు మీద రాయించారు సార్.

చూసి చేసేదెవరన్నది మిగిలింది. తాత కొడుకు బజార్లో వల దొరుకుతుందని లేచి వెళ్ళాడు. అత్త తాను అల్లుతానంది. ఆ ఊళ్ళో మావు అల్లడం మగవాళ్ళ పని. మా అమ్మమ్మే ముందు ఆ మాట ఎత్తుకుంది.

"ఆడది అల్లితె చేప సిగ్గుపడి వస్తదా ఏందే?"

"వండితె సిగ్గుపడ్డదా అత్తా? అల్లితె ఎందుకు పడ్తది?" అంది అత్త.

తాత ఏమంటాడోనని అందరం చూశాం. "వెదురు చీకటి రోజుల్ల కొట్టు. పురుగు పట్టదు," అన్నాడు. అదే అనుమతి.

ఆ చలికాలమంతా సార్ వారానికోసారి నాకు ఫోన్ చేసేవారు. పరీక్ష రాసిన పిల్లాడు ఫలితం కోసం అడిగినట్టు అడిగేవారు. వెదురు కొట్టారేటి? చీరేరేటి? కట్టడానికి అడ్డతీగ నార నానబెట్టేరేటి? ఇప్పపూలు రాలే రోజుల్లో అత్త కబురు పెట్టింది, మావు అయిందని. నేనొక్కదాన్నే వెళ్ళాను. సార్‌కు దగ్గు పట్టుకుని బస్సెక్కలేకపోయారు.

మావు చూడముచ్చటగా ఉంది. తాత ఒళ్ళో పెట్టుకుని పొడవు కొలిచాడు, నోరు కొలిచాడు. తల ఊపాడు. గొంతులోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, వెనక్కి తీశాడు. చెయ్యి హాయిగా బయటికి వచ్చేసింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ వచ్చింది.

"నా చెయ్యే వస్తున్నది. చేపకు నాకంటె తెలివి ఎక్కువనే కదా. ఇక్కడ మూడు పుల్లలేవి పిల్లా?"

"కాగజ్ల లేవు మామా."

"ఈ పక్క వంకరేంది?"

"గదీ కాగజ్ల ఉన్నది. మస్తు కష్టపడి వంచిన."

తాత ఆ వంకరను వేలితో ఇంకోసారి తడిమాడు. తర్వాత భుజాలు కదిలాయి. నోట్లో పళ్ళు లేని ఆ నవ్వు ఇల్లంతా నిండింది. "ఓ పిల్లా, గది బర్రె తొక్కిన వంకర. మూడు పుల్లలు చెదలు తిన్నయి."

నాకు అప్పుడు అర్థమైంది. సార్ ఉన్నది ఉన్నట్టు గీశారు. చెదలు తిన్న చోటును తిన్నట్టే వదిలారు, బర్రె తొక్కిన వంకరను వంకరగానే గీశారు. అత్త కాగితంలో ఉన్నది ఉన్నట్టు అల్లింది. ఒకరి నిజాయితీ ఇంకొకరి నిజాయితీతో కలిసి చేప పారిపోవడానికి దారి చేసింది.

సార్‌కు ఎలా చెప్పాలో తెలియక బస్టాండులో చాలాసేపు నిలబడి ఫోన్ చేశాను. విన్నారు. అటునుంచి దగ్గు, దగ్గు మధ్యలో నవ్వు. "బర్రె తొక్కింది కూడా అల్లేసిందా? కచ్చితంగా అక్కడేనా? ఆ వంపేనా?" అని మూడుసార్లు అడిగారు. "పాపా, మా వర్క్‌షాపులో ఇన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు నేను గీసింది గీసినట్టు చెయ్యలేదు. ఆవిడ చేసింది. అంటే అది నక్షాయే. తప్పు నక్షా, కానీ నక్షాయే." ఆ తర్వాత మళ్ళీ దగ్గారు. "అయితే దాన్ని దిద్దకుండా ఉండకూడదు," అన్నారు.

వారం తిరక్కుండా, ఆ దగ్గుతోనే, రెండు బస్సులు మారి వచ్చారు. గొంగడి కప్పుకుని తాత పక్కన కూర్చుని, తాత చూపుడు వేలు పట్టుకుని పాత మావు గొంతు చుట్టూ తిప్పారు. "ఇక్కడేటి?" అని ఆయన అడగడం, "ఈ పుల్ల పక్క పుల్ల మీద ఎక్కాలె, మొన నడిమికి రావాలె," అని తాత చెప్పడం. నోటికి తెలియదన్న తాత, వేలు ఆ చోట ఆనగానే అన్నీ చెప్పాడు. సార్ పాత గీత ఒక్కటీ చెరపలేదు. పోయిన పుల్లలను చుక్కల గీతలతో నింపారు. బర్రె వంకర పక్కన ఉండవలసిన నిటారు పుల్లను చుక్కలతో గీశారు. షీటు అడుగున నాతో రాయించారు: 'గీత ఉన్నది. చుక్కలు ఉండవలసినది.' దాని పక్కన 'సవరణ 1' అని.

ఇన్నేళ్ళూ ఆయన వస్తువులను అవి బతికినట్టే గీశారు. ఇప్పుడు మళ్ళీ పుట్టడానికి ఏం కావాలో కూడా గీశారు. ఆ సాయంత్రం ఆయన ముఖంలో కొత్త ఉద్యోగం దొరికినవాడి ఉత్సాహం ఉంది. "పాతవన్నీ మళ్ళీ తియ్యాల పాపా. అన్నిట్లోనూ చుక్కలు పెట్టాల. పదేళ్ళ పని ఉంది," అన్నారు. షీటును అత్తకు ఇచ్చేశారు. నకలు తీసుకోరా అని నేనడిగితే, "నా దగ్గరుంటే ఏటి చేస్తాను? చేపలు పడతానా?" అన్నారు.

ఎండలు ముదిరాక కూతురు వచ్చి విశాఖపట్నం తీసుకువెళ్ళింది. అక్కడే పోయారు. నేను రైల్లో అక్కడికి చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఆయన కూతురు నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి మొట్టమొదట అడిగింది, "ఆ చేపల బుట్ట పూర్తయిందామ్మా? రోజూ అదే మాట," అని. కాలేదని చెప్పవలసి వచ్చింది. దిద్దిన షీటు చూసి అత్త మొదలుపెట్టిన రెండో మావు అప్పటికి సగం అల్లిక మీద ఉంది. అయినా అది చేపను ఆపుతుందో లేదో చెప్పగలిగేది వాన ఒక్కటే, వానకు ఇంకా చాలా రోజులున్నాయి.

ఇది చదువుతున్న మీ ఇంట్లో కూడా అటక మీదో చూరులోనో ఏదో ఒకటి ఉంటుంది. చేసినవాళ్ళెవరో తెలియనిది, పారేయడానికి మనసొప్పనిది. ఒకసారి కిందికి దించి, ఎక్కడ అరిగిందో వేలితో తడిమి చూడండి. ఆయన గురించి నేను రాయగలిగినదంతా ఆ చోట ఉంటుంది.

ఈ ఏడు తొలకరి ఆలస్యంగా వచ్చింది. వచ్చాక రెండు రోజులు విడవకుండా కురిసింది. అత్త ఫోన్ చేసిన పూటే సెలవు పెట్టి వెళ్ళాను. మావు గుమ్మంలో సిద్ధంగా ఉంది. అత్త చేతిలో షీటు పసుపు మరకలతో, కత్తి గాట్లతో, మడతల దగ్గర చిరుగులతో ఉంది. అంత మురికి అయిన సార్ కాగితాన్ని నేనెప్పుడూ చూడలేదు. తాత మావు గొంతులోకి చెయ్యి పెట్టి వెనక్కి లాగి, "అబ్బ," అన్నాడు. మణికట్టు మీద రక్తపు చుక్క. "గుచ్చుకున్నది," అని ఊరందరికీ చూపించమన్నట్టు చెయ్యి చాపాడు.

చీకటి పడకముందే మడవలో పెట్టి వచ్చారు. తొలకరి నీటికి చేపలు వాగులోంచి పొలాల్లోకి ఎదురెక్కుతాయి కనుక నోరు వాగు వైపు తిప్పారు. తెల్లవారాక తాతను చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టాం. అమ్మమ్మ కూడా వచ్చింది, చేప సిగ్గుపడిందో లేదో చూస్తానని. అత్త చీర ఎగదోపి నీళ్ళలోకి దిగి, మావు మీది రాయి తీసి, ఒక చేత్తో లేపబోయింది. లేవలేదు. రెండో చెయ్యి కూడా వేసింది.

"బరువున్నదా పిల్లా?" తాత అడిగాడు.

అత్త మావును రెండు చేతులా ఎత్తి పొట్టకు ఆనించి పట్టుకుంది. పుల్లల మధ్య నుంచి నీళ్ళన్నీ ధారలుగా కారిపోయాయి. లోపల జెల్లలు, పరకలు, నల్లటి కొర్రమట్ట ఒకటి తోకలతో వెదురును బాదుతుంటే తాత తల పక్కకు వంచి ఆ చప్పుడే వింటున్నాడు. చిటికెన వేలంత సందుల్లోంచి పిల్ల చేపలు ఒక్కొక్కటే జారి, మెరుస్తూ నీళ్ళలో పడుతున్నాయి. పడ్డవి అత్త కాళ్ళ చుట్టూ ఒకసారి తికమకగా తిరిగి, తల తిప్పుకుని, మడవ దాటి, ఎర్రటి కొత్త నీళ్ళలో మళ్ళీ పొలంలోకి ఎదురెక్కాయి.